వినని మైకు

ఫలేసీ మగోంబో గొంతు పనికిరాదని కాగితం మీద మొదట రాసినవాణ్ణి నేనే. "చదివే మనిషి స్వరం బలహీనం. ఇంట్లో చప్పుడు ఎక్కువ" అని రెండు వాక్యాలు రాసి, కింద సంతకం చేసి, మా డైరెక్టరు గోండ్వే గారి బల్ల మీద పెట్టాను. ఆ రెండు వాక్యాల్లో ఒక్కటీ నిజం కాదు. అప్పటికి నాకా సంగతి తెలియదు. తెలిశాక ఏం చేశానన్నదే అసలు సంగతి.

జొంబాలో పెద్ద బజారు దాటి, కొండ మీదికి పోయే దారిలో మా ఆఫీసు. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివించి, రికార్డు చేయించి, చిన్న చిన్న మెమరీ కార్డుల్లోకి ఎక్కించి బడులకు పంపడం మా పని. నా పేరు గ్లాడ్‌సన్ మసాంబా. నా ఉద్యోగానికి కంప్యూటర్ ఆఫీసర్ అని పేరు. బ్లాంటైర్‌లో ఆరు వారాల కోర్సు చదివి, సర్టిఫికెట్టు చేత పట్టుకుని వచ్చినవాణ్ణి. ఆ ఏడు విదేశాల నుంచి ఎవరో దాతలు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు నలభై పంపారు. తెరిచి చూస్తే అన్నిట్లోనూ లినక్స్. నేను నేర్చుకున్నది వేరే. ఆ ఆరు వారాల్లో దాని పేరు కూడా ఎవరూ ఎత్తలేదు.

"ఇది నీకు వచ్చు కదా?" అని గోండ్వే గారు అడిగారు.

"అదెంత పని సార్," అన్నాను.

అందరం అమయి, అంటే అమ్మ, అని పిలిచే ఫలేసీ ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒక్క గదిలో నూట ఇరవై మంది పిల్లలున్నా, వెనక గోడకు ఆనుకుని కునికేవాడికి కూడా ఆమె మాట విడివిడిగా వినబడేదని ఊళ్లో చెప్పుకునేవారు. మటవాలెలో చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఫారం నాలుగు చరిత్ర పుస్తకం, మూడు వందల నలభై పేజీలు, చదివి పెడతానని తనంతట తానే వచ్చింది. జనవరిలో లాప్‌టాప్ ఇచ్చి పంపాం. రెండు వారాలకు మొదటి మూడు అధ్యాయాలు తెచ్చింది. వింటే ఆమె మాటల వెనక ఎడతెగని ఒక బుస.

"ఏంటి నాయనా ఇది? నేను చదువుతుంటే వెనకాల ఎవరో పిండి జల్లెడ పడుతున్నట్టుంది," అంది.

"వాన కదా అమయీ. మీది రేకుల కప్పు."

"నిన్న వాన పడలేదే!"

"అయితే మీ కోళ్లు."

"కోళ్లు బుసకొడతాయా గ్లాడ్‌సన్? నా కోళ్లేమన్నా పాములనుకున్నావా?"

"అన్నీ కలిస్తే అలాగే వినబడుతుంది. మైకు సంగతి మీకు తెలీదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఇంకొంచెం గట్టిగా చదవండి, గొంతు పైకొస్తే చప్పుడు అణిగిపోతుంది."

ఆమె బడిపంతులమ్మ. చెప్పింది చెప్పినట్టు చేసే మనుషుల్ని తయారుచేయడంలోనే బతుకంతా గడిపింది, తనూ అలాగే చేసింది. ఎనిమిది కోళ్లనూ డొమాసీలో ఉండే చెల్లెలికి ఇచ్చేసింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. అదీ చాలలేదని మొక్కజొన్న బస్తాలు పెట్టుకునే కొట్టుగదిలోకి మకాం మార్చింది. ఫిబ్రవరి ఉక్కలో, గాలాడని ఆ గదిలో, తలుపు బిగించుకుని, గొంతు చించుకుని చదివింది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు చితెంజె గుడ్డ తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. బుస మాత్రం ఎక్కడికీ పోలేదు.

అప్పుడే ఆ రెండు వాక్యాలు రాశాను. గోండ్వే గారు చదివి, "ఆమె కాకపోతే ఇంకెవరున్నారు? ఏదో ఒకటి చెయ్యి," అన్నారు. ఆఫీసు బీరువాలో ఎప్పటిదో తలకు తగిలించుకునే మైకు ఉంటే తీసుకెళ్లి, లాప్‌టాప్ పక్కనున్న రంధ్రంలో గుచ్చాను.

"ఇంక చూడండి అమయీ. ఇది మీ నోటి దగ్గరే ఉంటుంది. బయటి చప్పుడు దూరదు."

"మొదట్నుంచీ చదవాలా?"

"చదవాలి మరి."

ఒక్క వాక్యం చదివించి, లాప్‌టాప్ చిన్న స్పీకర్లోనే వినిపించాను. బయట రోడ్డు మీద మినీబస్సు కుర్రాళ్లు "బ్లాంటైర్! బ్లాంటైర్!" అని గొంతులు పోగొట్టుకుంటున్నారు. ఆ గోలలో నాకు బుస వినబడలేదు. బాగుందన్నాను. ఆమె మార్చి మొదటి వారంలో ఒకటో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో నా లాప్‌టాప్‌తో ఏదో కుస్తీ పడుతుంటే ఒక నల్ల కిటికీ తెరుచుకుంది. అందులో నిలువు గీతలు, థర్మామీటర్లలా. మైకు స్వరాన్ని పెంచే గీత ఒకటి కొసదాకా ఎక్కి ఎర్రగా ఉంది. బాణం గుర్తు నొక్కి దాన్ని అడుగుకు దించాను. ఊరికే నాలుగు మాటలు రికార్డు చేసి విన్నాను. బుస లేదు. నా గొంతు, దాని వెనక మా చప్రాసీ కుర్చీ జరిపిన చప్పుడు, అంతే.

నలభై లాప్‌టాప్‌లనూ ఒకే పద్ధతిలో సిద్ధం చేసింది నేను. అన్నిట్లోనూ ఆ గీత కొసనే ఉండి ఉంటుంది.

ఫలేసీ అమయి అప్పటికి రెండు వందల పదో పేజీలో ఉంది. వెళ్లి సరిచేస్తే మిగిలిన నూట ముప్పై పేజీలైనా శుభ్రంగా వచ్చేవి. కానీ వెళ్తే, మరి ఆ రెండు వందల పది పేజీల సంగతేమిటని అడుగుతుంది. కోళ్ల సంగతి అడుగుతుంది. నువ్వు నేర్చుకున్నదేమిటని గోండ్వే గారు అడుగుతారు. రేపు వెళ్దామనుకున్నాను. ఆ రేపు మే నెల దాకా సాగింది. ఆమె పుస్తకం పూర్తి చేసి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, మినీబస్సులో వచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అయిపోయింది నాయనా," అంది. ఆ మాట అతుకులుగా వచ్చింది. జలుబు చేసిందేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

గోండ్వే గారు రెండు నిమిషాలు విన్నారు. "వినబడుతోందా, లేదా?"

"వినబడుతోంది సార్. కాకపోతే కొంచెం..."

"వినబడుతోందంటే సంతకం పెట్టు. దాతల మనిషి వచ్చే వారం వస్తోంది. మూడు వందల కార్డులు బడుల్లో ఉన్నట్టు ఫొటోలు కావాలి."

'నాణ్యత సరిపోయింది' అన్న చోట సంతకం చేశాను.

కార్డులు వెళ్లిన ఎనిమిదో రోజు ఆఫీసు గుమ్మంలో తెల్ల కర్ర చప్పుడైంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా. పేరు డిసోనీ చిలెంబా. చిన్నప్పుడు పొంగు తగిలి చూపు పోయింది. పన్నెండేళ్లు ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు మీద పనిచేశాడు. బోర్డు తీసేసి మిషను పెట్టాక ఉద్యోగం పోయింది. టీచరు కావాలని ఈ వయసులో పరీక్షకు కడుతున్నాడు. మా కార్డు రెండు వేళ్లతో పట్టుకుని నా ముఖం వైపు చాపాడు.

"దీన్ని చదివినామె ఎవరు బాంబో?" అన్నాడు, అయ్యా అన్నట్టు మర్యాదగా.

"ఎందుకు?"

"ఆమె కాళ్లకు దండం పెట్టాలి. అంత మోత మీద ఎవరు చదువుతారు? గంట వింటే నా తల పగిలిపోతోంది. రెండో గంటకి చరిత్రా లేదు, గిరిత్రా లేదు, ఉత్త మోతే. ఈ తప్పు ఆమెది కాదు. మిషనుది. నన్ను ఆమె ఇంటికి తీసుకుపో."

"మిషన్లు నేను చూశాను. బాగానే ఉన్నాయి."

"నువ్వు చూశావు. నేను వింటాను. తేడా ఉంది కదా?" అన్నాడు నవ్వుతూ.

కాదనడానికి సాకు దొరకలేదు. ఆమె తిరిగిచ్చిన లాప్‌టాప్‌నూ మైకునూ సంచిలో వేసుకుని అతన్ని తీసుకెళ్లాను. ముగ్గురం ఫలేసీ అమయి ముందు గదిలో కూర్చున్నాం. ఆమె మొక్కజొన్నతో కాచిన తియ్యటి తొబ్వా గ్లాసుల్లో పోసి తెచ్చి పెట్టింది. డిసోనీ ఒక్క గుక్క తాగి, గ్లాసు పక్కకు జరిపి, ఆమె రోజూ చదివినట్టే లాప్‌టాప్ పెట్టమన్నాడు.

"మైకు తగిలించుకోండి అమయీ. మాట్లాడొద్దు. రికార్డు పెట్టి, మైకును గోరుతో కొట్టండి, మూడుసార్లు."

కొట్టింది. వినిపిస్తే ఆ మూడు దెబ్బలూ పక్కింట్లో ఎవరో చిటికెలు వేసినట్టు ఎక్కడో దూరంగా వచ్చాయి. అప్పుడు డిసోనీ చేత్తో తడుముకుంటూ లాప్‌టాప్ మూత అంచు మీద తన వేలితో కొట్టాడు. మళ్లీ వినిపిస్తే డప్పు మోగినట్టు మోగింది.

డిసోనీ పగలబడి నవ్వాడు. "అమయీ, ఇన్నాళ్లూ మీరు గోడతో మాట్లాడారు! ఈ మైకు చెవిటిది. మిషను తన సొంత చెవితోనే వింటోంది. ఆ చెవి పక్కనే దీని ఫ్యాను తిరుగుతోంది. గుచ్చితే చాలదు బాంబో, ఏ చెవితో వినాలో దానికి చెప్పాలి కూడా."

ఆమె నవ్వలేదు. నేను సెట్టింగులు తెరిచాను. జాబితాలో రెండు మైకులు ఉన్నాయి. మొదటిది ఎంచి ఉంది. రెండోదాన్ని ఎంచాను. ఈసారి గోటి దెబ్బ గదిలోనే పడ్డట్టు వినబడింది.

"ఇంకా రెండు చప్పుళ్లున్నాయి," అన్నాడు డిసోనీ తల పక్కకు వంచి. "ఒకటి సన్నంది, నూనెలో ఉసీపా చేపలు వేగుతున్నట్టు. రెండోది అడుగున లావుగా, పిండిమర దూరంగా ఆడుతున్నట్టు. ఆ లావుది కరెంటుది. మా బోర్డుకి ఎర్తు తీగ తెగినప్పుడు అచ్చం ఇలాగే మూలిగేది. ఛార్జరు పీకండి."

పీకగానే పిండిమర ఆగిపోయింది. ఆ ఛార్జరు మా గోడ ప్లగ్గులో పట్టకపోతే, ఎర్తు లేని అతుకు ముక్క ఒకటి తగిలించి ఇచ్చింది నేనే.

"ఇక వేగుడు. ఎక్కడో ఎవడో దీని చెవి మరీ మెలిపెట్టాడు. స్వరం పెంచే మీట ఉంటుంది, వెతుకు."

నేను వెతకలేదు. నా వేళ్లు నల్ల కిటికీ తెరిచి, సూటిగా ఆ గీత దగ్గరికి పోయి, అడుగుకు దించాయి. నాలుగు నొక్కులు. డిసోనీ నవ్వు ఆగిపోయింది.

"భలే తొందరగా దొరికిందే బాంబో. తడుముకోనేలేదు. ముందే తెలిసిన దారిలా ఉంది."

"అదృష్టం," అన్నాను.

ఫలేసీ అమయి నా వైపు చూసింది. పుస్తకం తెరిచి ఒక పేరా చదివింది. వినిపించాం. చప్పుడు అనేదే లేదు. ఆ చప్పుడు పోయాక, దాని కింద ఇన్ని నెలలుగా దాగి ఉన్నదేమిటో మాకు మొదటిసారి వినబడింది. ప్రతి మాటకూ చివర జీర. పొడుగు వాక్యం మధ్యలో ఊపిరి తెగడం. కొన్ని అక్షరాలు గాలిగా పోవడం.

"ఇది నేనా?" అంది ఆమె.

డిసోనీ నెమ్మదిగా, "డాక్టరుకి చూపించుకోండి అమయీ," అన్నాడు.

"పరీక్షలు ఎప్పుడు?"

"ఇంకా నాలుగు వారాలు."

"అయితే డాక్టరు తర్వాత."

మూడోసారి చదివింది. పద్దెనిమిది రోజుల్లో మూడు వందల నలభై పేజీలు. ఈసారి అరవాల్సిన పని లేదు, మెల్లగా చదివింది. మిషను ఆపి మళ్లీ వేసినప్పుడల్లా ఆ గీత మళ్లీ పైకి ఎగబాకేది. ఏం నొక్కాలో ఆ రోజే నా చేత అట్టముక్క మీద రాయించుకుని, తనే దించుకునేది. నన్ను పిలవలేదు. పూర్తయిన రోజు డిసోనీకి ఒక కాపీ ఇచ్చి, రెండోది నా చేతికిచ్చింది.

దాన్ని గోండ్వే గారికి ఇచ్చాను. ఆయన వినలేదు, కార్డును బల్ల మీద అటూ ఇటూ తిప్పారు.

"పాతవి వెళ్లిపోయాయి కదా?"

"ఇది శుభ్రంగా ఉంది సార్. పాతవి వినలేకపోతున్నారట."

"పాతవి బాగున్నాయని సంతకం పెట్టిందెవరు?"

నేను తల వంచుకున్నాను.

"ఇప్పుడివి పంపామనుకో, ముందు పంపింది చెత్త అని మనమే ఒప్పుకున్నట్టు. వచ్చే ఏడు చూద్దాం." సొరుగులో పడేశారు. కొసరుగా, "సాంకేతిక లోపాన్ని కంప్యూటర్ ఆఫీసర్ గుర్తించి సరిచేశారని రిపోర్టులో రాస్తాలే," అన్నారు. నేను థాంక్స్ సార్ అన్నాను. నిజంగానే అన్నాను.

పరీక్షలకు వారం ముందు అంధుల బడిలో సభ పెట్టారు. దాతల మనిషి, గోండ్వే గారు, నేను వేదిక మీద. ఫలేసీ అమయిని కూడా పిలిచారు, సన్మానం. ఆమె పెళ్లిళ్లకు కట్టే నీలం చితెంజె కట్టుకుని వచ్చింది. కింద రెండు వందల మంది విద్యార్థులు. డిసోనీ ముందు వరుసలో ఉన్నాడు.

"మీ చరిత్ర పుస్తకం చదివిన ఫలేసీ మగోంబో గారు ఇప్పుడు మాట్లాడతారు," అన్నారు గోండ్వే గారు.

ఆమె లేచి నిలబడింది. కింద ఎవరో "ష్ష్ష్" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. పక్క వరుస, వెనక వరుస. ఆమె ముఖం వెలిగింది. తన మాట వినడానికి పిల్లలు ఒకరినొకరు గదమాయించుకుంటున్నారనుకుంది. బడిపంతులమ్మ కదా, అది అణిగేదాకా ఓపిగ్గా ఆగింది. అది అణగలేదు. పెరిగింది. రెండు వందల నోళ్లు ఒక్కటిగా, హాలంతా వేపుడు మూకుడులా బుసకొట్టింది. మధ్య మధ్య కిసకిసలు. ఒక ఆడపిల్ల ఆ బుస మీద ఆమె గొంతును అనుకరిస్తూ, కీచుగా, "అధ్యాయం ఒకటి!" అంది. హాలు గొల్లుమంది.

అప్పుడు ఆమెకు అర్థమైంది. అర్థమవడం నేను చూశాను. ఆమె చెయ్యి గొంతు మీదికి పోయింది.

డిసోనీ లేచాడు. "ఆపండర్రా! అది ఆమె తప్పు కాదు! మిషను..." అని అరిచాడు. నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. మైకు నా ముందుంది. చేయి చాపితే అందేంత దూరంలో. ఒక్క వాక్యం చాలు. దాతల మనిషి నవ్వుతూ, అర్థం కాక, నా వైపు చూసింది. నేను చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. గోండ్వే గారూ కొట్టారు. చప్పట్లలో బుస కలిసిపోయింది. ఎవరో ఆమె భుజాల మీద శాలువా కప్పారు. మాట్లాడకుండానే కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో మినీబస్సులో నా పక్క సీటే ఖాళీగా ఉంది. ఆమె కూర్చుంది. డొమాసీ వంతెన దాటాక అడిగింది.

"ఆ మీట సంగతి నీకు ఎప్పుడు తెలిసింది గ్లాడ్‌సన్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో బయటికి రాలేదు.

"ఏప్రిల్లో."

"నేను ఎన్నో పేజీలో ఉన్నాను?"

"రెండు వందల పది."

ఆమె తల ఊపింది, పిల్లవాడు ఎక్కం సరిగ్గా అప్పచెప్పినప్పుడు ఊపినట్టు. "చెప్పొచ్చు కదా నాయనా. రాదని చెబితే నేనేం కొడతానా? నా బడిలో ఎంతమంది రాదని చెప్పారు. నేర్పేదాన్ని." కిటికీ వైపు తిరిగి, "నీకు నేర్పేదాన్నని కాదు. ఇద్దరం కూర్చుని వెతికేవాళ్లం," అంది.

"క్షమించండి అమయీ."

"దేన్ని?" అంది. నేను ఏం చెప్పాలో వెతుక్కుంటుండగానే మటవాలె వచ్చింది. దిగిపోయింది.

ఆ తర్వాత ఆసుపత్రిలో ఆమె గొంతులో కాయలు కట్టాయన్నారు. కోశారు. ఇప్పుడు గుసగుసలాగా మాట్లాడుతుంది, చర్చిలో పాడదు. తన కాపీని డిసోనీ ఫోను నుంచి ఫోనుకు పదకొండు మందికి ఇచ్చాడు. ఆ పదకొండు మందీ, అతనూ చరిత్రలో గట్టెక్కారు. మిగతావాళ్ల లెక్క నేను అడగలేదు. గోండ్వే గారి సొరుగులో ఉన్న కార్డును "వచ్చే ఏడు" పంపాలని నేను గుర్తుచేసేసరికి ప్రభుత్వం పుస్తకం మార్చేసింది. కొత్త పుస్తకం, కొత్త పాఠాలు. ఆమె మూడుసార్లు చదివింది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

డిసోనీని మా ఆఫీసులో శబ్దం పరీక్షించే పనికి పెట్టుకుందామని ఒకసారి గోండ్వే గారితో అన్నాను. "తెర చూడలేనివాడికి కంప్యూటర్ పనా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తర్వాత రెండేళ్లకు ఆయన రిటైరై, ఆ కుర్చీ నాకొచ్చింది. అప్పుడు డిసోనీకి కబురు పంపాను. టీచరు ట్రైనింగ్‌లో ఉన్నాననీ, తీరిక లేదనీ తిరిగి కబురు చేశాడు.

మొన్న కొత్త పుస్తకం చదవడానికి ఒక అమ్మాయి వచ్చింది. కంప్యూటర్ ఆఫీసర్‌గా ఇప్పుడు వేరే కుర్రాడున్నాడు, అతను లాప్‌టాప్ ఇచ్చి పంపాడు. వారం తర్వాత అతను నా గదిలోకి వచ్చి, "ఆ అమ్మాయి గొంతు అంత బాగాలేదు సార్," అన్నాడు.

"మిషను చూశావా?"

"చూశాను సార్. బాగానే ఉంది," అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.